ఒక్క కాపీ కాపీయే కాదు

పాట పేరడిగితే తారీఖు చెప్పేవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? నాకొకాయన తగిలాడు.

రెండేళ్ళ క్రితం సంగతి. ఓ శుక్రవారం రాత్రి మా ప్రాజెక్టులో డేటాబేస్ పడుకుంది. మనకి రాత్రి, వాళ్ళకి పొద్దున్న. కాల్‌లో పదిమందిమి ఉన్నాం. బ్యాకప్ నుంచి రీస్టోర్ మొదలెట్టి, ఆ పర్సెంటేజీ అంకె ఎప్పుడు కదుల్తుందా అని గుడ్లప్పగించి చూస్తున్నాం. ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి ఆ సుఖం నేను వేరే వర్ణించక్కర్లేదు. క్లయింటు వైపు డీబీఏ ఒక పెద్దాయన, అరవై దాటాయి. మ్యూట్ పెట్టడం మర్చిపోయాడు. ఆయన గదిలోంచి గిటారు వినిపిస్తోంది. ఐదు నిమిషాలైంది, పదైంది, పదిహేనైంది, ఆగదే! ఆపమనడానికి మొహమాటం వేసి, "ఏం పాటండీ అది?" అని చాట్‌లో అడిగాను. "ఐదు, ఎనిమిది, డెబ్భై ఏడు" అని జవాబొచ్చింది. ఏదో టికెట్ నంబరు కాబోలనుకుని కాసేపు వెతికాను కూడా :)

అది టికెట్ నంబరు కాదు. 1977 మే 8. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ బాండు, కార్నెల్ యూనివర్సిటీలో బార్టన్ హాల్ అనే చోట చేసిన కచేరీ తారీఖు. ఆ బాండు అభిమానులకి (డెడ్‌హెడ్స్ అంటారు) పాట పేరు కన్నా తారీఖే ముఖ్యం. ఎందుకో ఆ రాత్రి రీస్టోర్ అయ్యేలోపు ఆయన చెప్పాడు. అర్థం కాకపోయినా ఆసక్తిగా అనిపించింది. తర్వాత నేనే తవ్వుకుంటూ పోయాను. ఇప్పుడు నా బాధేంటంటే, ఆ తవ్వకంలో బయటపడింది నాకు సంగీతం గురించి కన్నా మన వృత్తి గురించీ, మా ఇంట్లో జరిగిన ఓ పాపం గురించీ ఎక్కువ చెప్పింది. అందుకే ఈ టపా.

ముందు కొంచెం కథ. తెలిసినవాళ్ళు ఈ పేరా దాటెయ్యొచ్చు. గ్రేట్‌ఫుల్ డెడ్ 1965లో కాలిఫోర్నియాలో మొదలైంది. 1995 ఆగస్టులో గిటారిస్టు జెర్రీ గార్సియా పోవడంతో ముగిసింది. ఈ ముప్ఫై ఏళ్ళలో వాళ్ళు చేసిన కచేరీలు సుమారు 2,300. హిట్ పాటల లెక్క చూస్తే నిరుపేదలు. అమెరికా టాప్ టెన్‌లోకి వెళ్ళిన పాట ఒకే ఒక్కటి, 1987లో 'టచ్ ఆఫ్ గ్రే'. అయినా 1990ల మొదట్లో అక్కడ టికెట్ల మీద బాగా సంపాదించిన బృందాల్లో వీళ్ళూ ఉన్నారు. కిటుకేంటంటే, వీళ్ళు ఏ రెండు రాత్రులూ ఒకేలా వాయించరు. ఏ పాటలు, ఏ వరసలో, ఎంతసేపు అన్నది వేదిక మీదే తేలుతుంది. 'డార్క్ స్టార్' అని ఒక పాటుంది. 1968లో రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. కచేరీల్లో అదే పాటని ఇరవై నిమిషాలు, అరగంట సాగదీసిన రోజులున్నాయి. మనవాళ్ళకి ఇదేమంత వింత కాదు. ఒకే కీర్తన, ఒకే విద్వాంసుడు, కానీ ఈవేళ పాడిన స్వరకల్పన నిన్నటిది కాదు కదా. అలాంటి సంగీతానికి స్టూడియో రికార్డింగ్ ఒక ఫోటో లాంటిది. మనిషి వేరే ఎక్కడో ఉంటాడు.

కాబట్టి అభిమానులు టేపు రికార్డర్లు మోసుకెళ్ళడం మొదలెట్టారు. మొదట్లో దొంగచాటుగానే. మిగతా బాండ్లయితే గేటు దగ్గరే లాక్కునేవాళ్ళు. వీళ్ళు మాత్రం చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మేం వాయించేశాక అది వినేవాళ్ళదే అన్న ధోరణి గార్సియాది. ఆఖరికి మైకు స్టాండ్లు అడవిలా పెరిగిపోయి జనానికీ, సౌండ్ ఇంజినీర్‌కీ అడ్డం రావడంతో 1984 అక్టోబరులో ఏకంగా టేపు చేసేవాళ్ళకి వేరే చోటు, వేరే టికెట్లు పెట్టేశారు. మిక్సింగ్ బోర్డు వెనకాల నించుని చేసుకోండి నాయనా అని. షరతు ఒక్కటే: పంచుకోండి, అమ్ముకోకండి.

ఇక్కణ్ణుంచీ కథ మన డిపార్ట్‌మెంటులోకొస్తుంది.

కేసెట్టుని కేసెట్టుకి కాపీ చేస్తే ప్రతి తరానికీ కొంచెం బుస్సు శబ్దం పెరుగుతుంది. ఐదో తరం కాపీలో గిటారు బదులు వర్షం వినిపిస్తుంది. అందుకని వీళ్ళు ప్రతి టేపు మీదా అది ఎన్నో తరందో రాసేవాళ్ళు. పంచడానికి 'చెట్టు' పద్ధతి పెట్టుకున్నారు. మూలం దగ్గరున్నవాడు పదిమందికి చేసిస్తాడు, ఆ పదిమందీ ఒక్కొక్కరు ఇంకో పదిమందికి. అలా అయితే వందమందికి చేరినా ఎవరి కాపీ కూడా రెండో తరం దాటదు. డేటా స్ట్రక్చర్స్ పరీక్ష కోసం నేను బట్టీ పట్టిన ట్రీని వీళ్ళు పోస్టాఫీసు మీద నడిపించారండీ! కొత్తగా వచ్చినవాడి దగ్గర మార్చుకోడానికి టేపులుండవు కదా. వాడు ఖాళీ కేసెట్లు, తిరుగు పోస్టేజీ పంపితే చాలు, ఎవరో ఒకరు నింపి పంపేవాళ్ళు. పైసా తీసుకోరు. తీసుకున్నాడని తెలిస్తే వాడి పని అయిపోయినట్టే.

తర్వాత కాలం మారింది. డాట్ టేపులొచ్చాయి, సీడీలొచ్చాయి, నెట్ వచ్చింది. 1998లో ఈట్రీ అని ఒక సమూహం మొదలైంది. శబ్దం నష్టపోని ఫార్మాట్లలోనే పంచాలని వాళ్ళ నియమం. ఎంపీ3కి మార్చి పంచినవాణ్ణి వెలేసినంత పని చేసేవాళ్ళు. ప్రతి కచేరీతో పాటూ ఓ చిన్న టెక్స్ట్ ఫైలు: ఏ మైకుతో తీశారు, ఎక్కణ్ణుంచి తీశారు, ఏ యంత్రం మీంచి ఏ యంత్రానికి ఎక్కింది, ఎక్కడ టేపు తిప్పడం వల్ల పాట తెగింది, వేగం తేడా వస్తే ఎవరు సరిచేశారు, అన్నీ. దాంతో పాటు ఎండీ5 చెక్‌సమ్‌లు. నిజం చెప్పొద్దూ, మా ప్రాజెక్టులో రిలీజ్ నోట్స్ ఇందులో సగం శ్రద్ధగా రాసుంటే నేను చాలా శనివారాలు ఇంట్లో ఉండేవాణ్ణి.

ఇవన్నీ వినేటప్పుడు వాళ్ళ వాదనలు చూడాలి మీరు. బయటివాళ్ళకి పిచ్చి ముదిరినట్టుంటుంది. ఫలానా టేపులో రెండో పాట మొదట్లో మూడు సెకన్లు లేవు అని ఒకడు. బోర్డు నుంచి నేరుగా తీసింది స్పష్టంగా ఉంది గానీ జనం కేకల్లేవు, ప్రాణం లేదు అని ఇంకోడు. రెండూ కలిపి మాట్రిక్స్ చేస్తే పోలేదా అని మూడోవాడు. మొదట్లో నేనూ నవ్వుకున్నాను. ఆలోచిస్తే అర్థమైంది, అవి బగ్ రిపోర్టులు. బోర్డు టేపులో పోయిన మూడు సెకన్లని ఎక్కడో జనంలో నించున్న కుర్రాడి టేపులోంచి తెచ్చి అతుకు వేస్తారు. పని జరిగేది ఆ రంధ్రాన్వేషణ వల్లే. జీతం లేని క్యూఏ టీము, యాభై ఏళ్ళుగా.

ఇక అన్నిటికన్నా పెద్ద గొడవ: అసలు అన్నిట్లోకీ గొప్ప కచేరీ ఏది? ఎక్కువమంది చెప్పేది మా పెద్దాయన చెప్పిన తారీఖే, కార్నెల్. వెంటనే ఒకడు లేచి, దాని మర్నాడు బఫెలోలో వాయించింది విన్నావా, అదింకా గొప్పది అంటాడు. ఇంకొకడు 1972లో ఒరెగాన్‌లో వెనీటాలో చేసింది వినకుండా మాట్లాడకు అంటాడు. నేను మూడూ విన్నాను. నా మట్టుకు నాకు బఫెలో వాళ్ళ మాటలో న్యాయముందనిపించింది. (సంగీతంలో నా పరిజ్ఞానం సున్నా. కాబట్టి తిట్టదల్చుకున్నవాళ్ళు నెమ్మదిగా తిట్టండి.)

అయితే కార్నెల్‌కి ఆ పేరు ఎలా వచ్చిందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మే నెలలో బయట మంచు కురుస్తున్న ఆ రాత్రి, లోపల బోర్డు దగ్గర టేపు నడిపిన మనిషి బెట్టీ కాంటర్-జాక్సన్. బాండు సిబ్బందిలో సౌండ్ ఇంజినీరు. ఆ రోజుల్లో ఆ రంగంలో ఆడవాళ్ళు చాలా అరుదు. ఆమె తీసిన టేపుల్ని ఈనాటికీ 'బెట్టీ బోర్డ్స్' అని పేరు పెట్టి మరీ పిలుస్తారు. అంత శుభ్రంగా, వెచ్చగా ఉంటాయి. తర్వాత ఆమె బాండు నుంచి బయటికొచ్చింది, ఇబ్బందులొచ్చాయి. సామాను, టేపులు అద్దె గోదాములో పెట్టింది. అద్దె కట్టలేకపోయింది. 1986లో గోదాము వాళ్ళు ఆ సామాను వేలం వేసేశారు. వెయ్యికి పైగా రీళ్ళు! కొన్నవాళ్ళు ఒకరు కాదు. కొన్ని పెట్టెలు సరైన రక్షణ లేనిచోట ఏళ్ళ తరబడి పడుండి పాడయ్యాయి, ఆ తర్వాత అభిమానులే కూచుని బాగుచేసుకున్నారు. కొన్ని మాత్రం వెంటనే తెలిసినవాళ్ళ చేతిలో పడ్డాయి. వాళ్ళు కాపీలు తీసి చెట్టుకెక్కించారు. కార్నెల్ అలా ఊరూరా పాకింది.

అంటే, కార్నెల్ గొప్పదే, కాదన్ను. కానీ 'అన్నిట్లోకీ గొప్పది' అయింది ఎందుకంటే దాని టేపు శుభ్రంగా ఉంది, అందరి చేతికీ చేరింది. ఆ రాత్రి కన్నా బాగా వాయించి, టేపు లేకనో, టేపు పాడయ్యో, ఎవడో బీరువాలో దాచుకునో మరుగున పడిన రాత్రులు ఎన్ని ఉండి ఉంటాయి? మనం గొప్పవి అనుకునేవి నిజానికి మిగిలినవి. మిగిలినవి అంటే, ఎవడో ఒకడు కాపీ తీసినవి.

ఇంకో విచిత్రం వినండి. 2012లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు జాతి భద్రపరుచుకోవాల్సిన రికార్డింగుల జాబితాలో కార్నెల్ కచేరీని చేర్చినట్టు ప్రకటించారు. అప్పటికి దాన్ని బాండు అధికారికంగా ఒక్క సీడీగా కూడా విడుదల చెయ్యలేదు. ఎలా చేస్తారు? అసలు రీలు వాళ్ళ దగ్గర లేదు! ఆ పెట్టెలు తిరిగి బాండు భోషాణంలోకి చేరాక, కచేరీ జరిగిన నలభై ఏళ్ళకి, 2017 మేలో గానీ విడుదల కాలేదు. హక్కులున్నవాడి దగ్గర టేపు లేదు, హక్కుల్లేని వేలమంది దగ్గర టేపుంది. దాన్ని అప్పటిదాకా బతికించింది ఈ రెండోవాళ్ళే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, బాండు కూడా ఊరికే కూచోలేదు. డిక్ లాట్వాలా అని ఓ వీరాభిమాని, టేపులు పోగేసి నోటుపుస్తకాల నిండా రాసుకునే మనిషి. ఆయన్నే పిలిచి భోషాణానికి కాపలా పెట్టారు. 1993 నుంచి 'డిక్స్ పిక్స్' పేరుతో ఆయన ఎంచిన కచేరీలు సీడీలుగా వచ్చాయి. మొదటిది 1973లో టాంపాలో చేసింది. ఆయన 1999లో పోయినా ఆ వరస 36 సంపుటాల దాకా నడిచింది. తర్వాత డేవిడ్ లెమ్యూ ఆ పని అందుకుని 2012 నుంచి 'డేవ్స్ పిక్స్' మొదలెట్టాడు. ఉచితంగా దొరికేదాన్ని డబ్బులు పెట్టి ఎవడు కొంటాడు అనుకుంటాం కదా. ఎగబడి కొన్నారు. ఊరికే దొరికిన టేపు విని విని పిచ్చెక్కినవాడే కదా కొనేది!

కానీ ఒకసారి బెడిసింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 2002 నుంచి కచేరీల సేకరణ ఒకటి ఉంది. టేపులున్నవాళ్ళంతా తెచ్చి అందులో పోశారు. 2005 నవంబరులో ఒకరోజు డెడ్ కచేరీలన్నీ డౌన్‌లోడ్ కాకుండా ఆగిపోయాయి. బాండు తరఫువాళ్ళు తీసెయ్యమన్నారు. అభిమానులు భగ్గుమన్నారు, సంతకాల సేకరణ జరిగింది. బాండులోనే గుట్టు రట్టయింది. బాసిస్టు ఫిల్ లెష్, ఈ నిర్ణయంలో నా ప్రమేయం లేదు, నాకు చెప్పనైనా లేదు అన్నాడు. పాటల రచయిత జాన్ పెర్రీ బార్లో బహిరంగంగానే వ్యతిరేకించాడు. ఆ బార్లో ఎవరో కాదు, నెట్‌లో హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌ని 1990లో మొదలెట్టిన వాళ్ళలో ఒకడు. కొద్దిరోజుల్లోనే రాజీ కుదిరింది. జనం మధ్యలోంచి తీసినవి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, బోర్డు నుంచి తీసినవి అక్కడే వినాలి.

ఈ గొడవలో నేను ఎవరి పక్షం? పూర్తిగా అభిమానుల పక్షం అని చెప్పాలనుంది గానీ అంత తేలిక కాదు. పాట వాళ్ళది, చెమట వాళ్ళది. అమ్ముకునే హక్కు వాళ్ళకి లేదంటే ఎలా? రాత్రికి రాత్రి థియేటర్లో ఫోన్ పెట్టి సినిమా లాగేసి టెలిగ్రామ్‌లో పడేసేవాడు కూడా 'నేను భద్రపరుస్తున్నాను' అంటే వీపు విమానం మోత మోగించాల్సిందే. తేడా ఎక్కడుందంటే, ఇక్కడ అనుమతి ఉంది, అమ్మకం లేదు. స్టూడియో ఆల్బంల జోలికి వెళ్ళకుండా, వేరే ఎక్కడా దొరకనిదాన్నే పట్టుకున్నారు. అనుమతిచ్చి ఇరవై ఏళ్ళు మోయించుకుని, మోసినవాడి ఎదురుగానే తలుపేస్తే బాధ్యత అనే మాటకి అర్థమేముంది? ఆ రాజీయే నాకు న్యాయంగా తోస్తుంది. బోర్డు నీది, నువ్వు అమ్ముకో. గాలిలోకి వదిలింది, విన్నవాడిది.

సరే, ఇప్పుడు మా ఇంటి పాపం.

మా ఊరు తెనాలి దగ్గర. పద్యనాటకాలంటే చెవి కోసుకునే ఊరు. మా తాతయ్య తమ్ముడు, మా చిన్నతాత, తిరనాళ్ళలో కృష్ణుడి వేషం కట్టేవాడట. నేను పుట్టక ముందే పోయాడు. ఆయన రాయబారం పద్యాలు పాడుతుంటే తాతయ్య టేపు రికార్డరు వేదిక ముందు పెట్టి ఒక కేసెట్టు పట్టాడు. ఒకే ఒక్కటి. దాన్ని బీరువాలో బట్టల మధ్య దాచేవాడు. చుట్టాలెవరైనా 'ఒకసారి ఇవ్వు బాబాయ్, కాపీ తీయించుకుని ఇచ్చేస్తా' అంటే ససేమిరా. 'పాడుచేస్తారురా, మళ్ళీ రాదు' అనేవాడు. జాగ్రత్తకి దాని పైన రెండు మూలలా ఉండే ప్లాస్టిక్ రెక్కలు కూడా విరగ్గొట్టాడు. అవి విరిస్తే దాని మీద ఇంకేం రికార్డు అవ్వదు కదా.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. వేసవి సెలవులు. ఆ రెక్కలున్న చోట కాగితం ఉండ కుక్కితే మళ్ళీ రికార్డవుతుందని నాకెవరో చెప్పారు. (ఇంజినీరింగు బుద్ధులు అప్పుడే మొదలు.) బీరువాలో దొరికిన కేసెట్టులో కాగితం కుక్కి, మా తమ్ముడూ నేనూ క్రికెట్ కామెంటరీ చెప్పి రికార్డు చేశాం. రెండు వైపులా. సాయంత్రం తాతయ్యకి మేమే గర్వంగా వినిపించాం.

ఆయన తిట్టలేదు. కాసేపు విని, 'బానే చెప్పావురా నాన్నా' అని కేసెట్టు తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. ఏం చేశానో నాకు అమ్మ చెప్పింది, నాలుగేళ్ళ తర్వాత, తాతయ్య పోయాక. మా చిన్నతాత గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఆ రోజు అడిగిన చుట్టాల్లో ఒక్కడికి ఇచ్చి ఉన్నా, వాడి ఇంట్లో అటక మీదైనా ఉండేది. పాడవుతుందని ఎవరికీ ఇవ్వలేదు. పాడుచేసినవాడు ఇంట్లోనే ఉన్నాడు.

మనకో సామెతుంది. ఒక కన్ను కన్నూ కాదు, ఒక కొడుకు కొడుకూ కాదు అని. కొడుకుల సంగతి నాకు తెలీదు గానీ కాపీల విషయంలో మాత్రం అక్షరసత్యం. తాళం వేస్తే భద్రం అనుకుంటాం. తాళం కాపాడేది దొంగ నుంచి. చెదలు నుంచీ, నిప్పు నుంచీ, అద్దె బాకీ నుంచీ, ఎనిమిదేళ్ళ మనవడి నుంచీ తాళం కాపాడదు.

ఇది పల్లెటూరి బీరువాకే పరిమితం అనుకుంటున్నారా? 2008 జూన్ 1న హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోస్‌లో నిప్పంటుకుంటే అక్కడ భద్రపరిచిన సంగీతం మాస్టర్ టేపులు తగలబడ్డాయి. ఎన్ని, ఎవరివి అన్నదాని మీద ఇంకా వాదనలున్నాయి గానీ, సంగతి జనానికి సరిగ్గా తెలిసిందే 2019లో, పత్రికలో వచ్చాక. అదే 2019లో మైస్పేస్ వాళ్ళు ఇంకో కబురు చెప్పారు. సర్వర్ మైగ్రేషన్‌లో, 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు పోయాయట. అంతే, సారీ. మైగ్రేషన్‌లో పోవడమంటే ఏంటో మనకి తెలుసు. ఆ కాల్‌లో ఎవరు ఎవరి మొహం చూసుంటారో కూడా తెలుసు. అందులోంచి సుమారు 4,90,000 పాటలు తర్వాత దొరికాయి. ఎలా? ఎవరో పరిశోధన కోసం ఎప్పుడో కాపీ తీసి పెట్టుకున్నారు. మళ్ళీ అదే కథ.

ఇక డెడ్ కచేరీలు పదిహేను వేలకు పైగా రికార్డింగులుగా ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. దాంతో కొత్త కుర్రాళ్ళు ఎవరూ టేపులు దాచట్లేదు, అక్కడే ఉందిగా అని వింటున్నారు. 2024 అక్టోబరులో ఆర్కైవ్ మీద దాడి జరిగి కొన్ని రోజులు మూతపడింది. మా పెద్దాయన ఆ వారం చాలా ప్రశాంతంగా ఉన్నాడు. ఆయన ఇంట్లో నేలమాళిగలో అరల నిండా మాక్సెల్ కేసెట్లున్నాయి, వాటి పక్కన మూడు హార్డ్ డిస్కులున్నాయి, నాలుగోది వేరే ఊళ్ళో కూతురింట్లో ఉంది. "నువ్వు డీబీఏవి కాబట్టి ఇలా ఉన్నావా?" అని అడిగాను. "కాదు, టేపులు పోగేసేవాణ్ణి కాబట్టి డీబీఏనయ్యాను" అన్నాడు.

మనం మాత్రం ఏం చేస్తున్నాం? నెలకింత కట్టి పాటలు అద్దెకి వింటున్నాం. లైసెన్సు అయిపోతే రాత్రికి రాత్రి పాట బూడిదరంగులోకి మారిపోతుంది, మనం ఇంకోటి నొక్కుకుంటాం. అమ్మమ్మ గొంతు వాట్సాప్ వాయిస్ మెసేజిలో ఉంది, ఆ ఫోను నీళ్ళల్లో పడేవరకే. పగలంతా కస్టమర్ల డేటాకి మూడు చోట్ల రెప్లికాలు పెట్టి, నెలకోసారి రీస్టోర్ డ్రిల్ చేసే మనం, సొంత ఇంటి సంగతికొచ్చేసరికి తాతయ్య బీరువా దగ్గరే ఆగిపోయాం.

దీనికి పెద్ద సంస్థలు, గ్రాంట్లు, యాప్‌లు అక్కర్లేదని నా అభిప్రాయం. డెడ్‌హెడ్స్ చేసినవి మూడే పనులు. కాపీ తీశారు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో రాశారు. అడిగినవాడికి ఊరికే ఇచ్చారు. మూడోది అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే ఇచ్చేస్తే విలువ తగ్గుతుందని మన లోపల ఓ తాతయ్య కూచుని ఉంటాడు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చిన్నతాతతో పాటు అర్జునుడి వేషం కట్టిన పెద్దాయన ఇంకా ఉన్నాడని తెలిసి వాళ్ళింటికెళ్ళాను. ఎనభై దాటాయి, పళ్ళు లేవు. చిన్నతాత ఏ పద్యం ఎక్కడ ఎత్తుకునేవాడో, ఎక్కడ లాగేవాడో ఆయనే పాడి చూపించాడు. నలభై నిమిషాలు. మధ్యలో ట్రాక్టరు పోయింది, కుక్క మొరిగింది, వాళ్ళ కోడలు కాఫీ తెచ్చింది, అన్నీ పడ్డాయి. అది మా చిన్నతాత గొంతు కాదు, కానీ దాని రెండో తరం కాపీ. బుస్సు కాస్త ఎక్కువ, అంతే.

ఆ ఫైలు ఐదుగురు కజిన్స్‌కి పంపాను. పక్కన టెక్స్ట్ ఫైలు కూడా పెట్టాను: ఎవరు పాడారు, ఏ తారీఖు, ఏ ఫోను, ట్రాక్టరు ఎన్నో నిమిషంలో పోయింది. ఒకడు వెంటనే ఫోన్ చేసి, 'ఒరేయ్, మూడో పద్యం మొదట్లో రెండు సెకన్లు తెగిందిరా' అన్నాడు. నాకెంత సంతోషం వేసిందో!

మీ ఇంట్లో అలాంటి కేసెట్టు ఉందా? ఎన్ని కాపీలున్నాయి? ఒకటే అయితే, ఈ శనివారం మీకు పనుంది.